పాత సైనిక ఉన్ని కోటు: కొనేటప్పుడూ, అమ్మేటప్పుడూ

పాత సైనిక ఉన్ని కోటు కొనదలచినవారు ముందుగా దాని లోపల కుట్టిన చీటీని చదవాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ గ్రేట్‌కోటు (సైనికులు యూనిఫాంపై తొడిగే పొడవాటి ఉన్ని కోటు) చీటీపై సాధారణంగా కొలత, తయారీదారు పేరు, సంవత్సరం ఉంటాయి. బాణం ముద్ర అది ప్రభుత్వ ఆస్తి అనడానికి గుర్తు. ‘1940 ప్యాటర్న్’ అన్నది నమూనా పేరే తప్ప కోటు కుట్టిన ఏడాది కాదు కనుక, కుట్టిన ఏడాదిని విడిగా వెతకాలి.

తరువాత కోటును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, కాలరు కింద, చంకల దగ్గర, జేబు మూతల వెనుక నెమ్మదిగా చూడాలి. సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపిస్తే చిమ్మట పురుగు ఉన్నిని తిన్నట్టే. అలాంటి కోటును గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచిన తరువాతే మిగతా బట్టలతో కలపాలి. చిన్న రంధ్రాలను రఫూ చేయించవచ్చు. నా దృష్టిలో పొడిబారి చిట్లిపోతున్న ఉన్నిని మాత్రం ఎంత చవకైనా వదిలేయడమే మేలు.

అమ్మేవారు కోటును వేడినీటిలో ఉతకకూడదు, ఎందుకంటే ఉన్ని ముడుచుకుని గట్టిపడుతుంది. గ్రేట్‌కోటును యూనిఫాంపై తొడిగేలా వదులుగా కుడతారు కాబట్టి చీటీలోని కొలతతో పాటు ఛాతీ, భుజాలు, చేతుల పొడవును టేపుతో కొలిచి రాయాలి. మార్చిన బొత్తాలు, కత్తిరించిన అంచు ఉంటే ఫోటోతో సహా ముందే చెప్పాలి.