ఆసుపత్రిలో తోడున్నవాళ్లకు అక్కరకొచ్చే సాయం చేయడం ఎలా

ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే వాళ్లను చూసుకోవడానికి డాక్టర్లు, సిస్టర్లు ఉంటారు. పక్కన ఉండే మనిషిని చూసేవాళ్లే ఉండరు. మందుల షాపుకి, స్కానింగుకి, బిల్లు కౌంటరుకి తిరిగి తిరిగి, పొద్దుట్నుంచి తానేమీ తినలేదన్న సంగతి ఆ మనిషికి మధ్యాహ్నం మూడింటికి గుర్తొస్తుంది. ఇక్కడ రాసిందంతా ఆ మనిషి కోసమే. స్నేహితుడైనా సరే, పక్క మంచం దగ్గర కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషైనా సరే.

ముందు మాట సంగతి. "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు" అని అందరం అంటాం, మనస్ఫూర్తిగానే అంటాం. కానీ ఏం కావాలో ఆలోచించే పని, ఎవరిని అడగాలో తేల్చుకునే పని అప్పటికే అలిసిపోయిన మనిషి మీద పడుతుంది. అందుకే ఎవరూ అడగరు. దానికి బదులు ఒక్క పని ఎంచుకుని, రోజు, టైము, చోటు కలిపి మెసేజ్ పెట్టండి: "అక్కా, ఇవాళ రాత్రి ఇద్దరికి భోజనం తెస్తున్నా. ఏడున్నరకి మెయిన్ గేటు పక్కన మందుల షాపు దగ్గర ఉంటా. రిప్లై ఇవ్వక్కర్లేదు, వద్దనుకుంటే మాత్రం ఒక్క మాట చెప్పు." అవతలివాళ్లు ఆలోచించాల్సిందేమీ మిగలకూడదు. ఒప్పుకున్న పనిని డిశ్చార్జి దాకా మీరే మోయండి. మొదటి రెండు రోజులు పదిమంది వస్తారు, అయిదో రోజుకి ఒక్కరూ కనపడరు. మీరు ఒక్కసారే రాగలిగితే ఆ అయిదో రోజున రండి.

క్యారేజీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఇద్దరికి గ్లాసున్నర బియ్యం వండితే సరిపోతుంది. అన్నం పొగలు కక్కుతుండగా గిన్నెలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీరై కారి, గంటన్నరలో ముద్దై వాసన వేస్తుంది. పళ్లెంలో పరిచి పైన ఆవిరి పోయేదాకా ఆగి అప్పుడు సర్దండి. కూర బీరకాయో, పొట్లకాయో, దొండకాయ వేపుడో చాలు. పులుసులు ఆటో కుదుపులకి కారతాయి. ఎండు చేపలు, వేయించిన వెల్లుల్లి లాంటివి వార్డులో పక్కవాళ్లకి, వాంతులయ్యే పేషెంట్లకి ఇబ్బంది. కొబ్బరి పచ్చడి ఎండాకాలం పంపొద్దు. పెరుగన్నం పులవకుండా ఉండాలంటే అన్నాన్ని గోరువెచ్చని పాలతో మెత్తగా కలిపి, చెంచాడు పెరుగు, తగినంత ఉప్పు వేసి మూత పెట్టండి. మూడు నాలుగు గంటల తర్వాత తినేసరికి అది కమ్మగా తోడుకుని ఉంటుంది. చిన్న డబ్బాలో రెండు ఆవకాయ ముక్కలు కూడా పెట్టండి. అన్నం సయించని రోజున వాటితోనే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి.

సంచిలో ఇంకా ఉండాల్సినవి: రెండు చెంచాలు, నాలుగు పేపరు ప్లేట్లు, లీటరు నీళ్ల సీసాలు రెండు, చిన్న సబ్బు, మిగిలింది పారేయడానికి ఖాళీ కవరు. వార్డు సింకు దగ్గర గిన్నెలు తోముకోవడం నరకం. అందుకని రెండు క్యారేజీలు పెట్టుకోండి. కొత్తది ఇచ్చినప్పుడు పాతది తోమకుండానే వెనక్కి తీసుకోండి. ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే ఖాళీ గిన్నె ఇవ్వడానికి సిగ్గుపడి అర్ధరాత్రి తోముతూ కూర్చుంటారు.

ఇదంతా తోడున్నవాళ్ల తిండి. పేషెంటుకి ఏదైనా పెట్టాలంటే సిస్టరును అడక్కుండా పెట్టొద్దు. ఆపరేషన్‌కి తీసుకెళ్లబోయే మనిషికి గుక్కెడు నీళ్లు పట్టినా ఆపరేషన్ వాయిదా పడొచ్చు, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం. కిడ్నీ జబ్బున్నవాళ్లకి కొబ్బరి నీళ్లు, అరటిపళ్లు మంచివనుకుని తీసుకెళ్తుంటారు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది.

రాత్రి కాపలా మార్చుకోవడం అన్నిటికంటే పెద్ద సాయం. ఒక్క రాత్రి ఇంటికెళ్లి స్నానం చేసి ఆరు గంటలు పడుకుంటే ఆ మనిషి ఇంకో మూడు రోజులు నిలబడగలదు. రాత్రి తొమ్మిదికి ముందే చేరండి. చాలా ఆసుపత్రుల్లో అటెండరు పాసు ఒక్కటే ఇస్తారు, ఆడవాళ్ల వార్డులో రాత్రిపూట మగవాళ్లను ఉండనివ్వరు, కాబట్టి ఎవరు వెళ్లాలో ముందే చూసుకోండి. దుప్పటి, చాప, స్వెటర్, పొడుగాటి వైరున్న ఛార్జర్ పట్టుకెళ్లండి. ఏసీ వార్డులో తెల్లవారుజామున వణుకు పుడుతుంది. వెళ్లగానే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాయించుకోండి: పేషెంటు ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు), రాత్రి ఇవ్వాల్సిన మందులు, పడని మందులు ఏమైనా ఉంటే అవి, అవసరమైతే ఏ ఇద్దరికి ఫోన్ చేయాలి. సెలైన్ సీసాలో కొంచెం మిగిలి ఉండగానే సిస్టర్‌కి చెప్పాలి. పూర్తిగా అయిపోయాక చూస్తే సూదిలో రక్తం గడ్డకట్టి మళ్లీ పొడవాల్సి వస్తుంది. ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే మీరు పెట్టొద్దు, ఇంటివాళ్లకి ఫోన్ చేయండి. తెల్లారాక రాత్రి జరిగింది టైములతో సహా చెప్పి అప్పజెప్పండి: జ్వరం ఎప్పుడు వచ్చింది, ఎంత, ఏం ఇచ్చారు.

డబ్బు విషయం చాలా సున్నితం. పెద్ద బిల్లుకి మనం సాయపడలేకపోవచ్చు గానీ ఆసుపత్రిలో నిమిషానికోసారి చిల్లర కావాలి: ఆటోకి, జెరాక్సుకి, టీకి, స్ట్రెచర్ తోసిన మనిషికి. రెండు వేలు ఇవ్వాలనుకుంటే కవర్లో వంద నోట్లు పదిహేను, యాభైలు ఆరు, పదులు ఇరవై పెట్టి ఇవ్వండి. ఎవరూ చూడకుండా, చేతికే ఇవ్వండి. "తర్వాత చూసుకుందాంలే" అనొద్దు. ఆ మాటతో అది అప్పవుతుంది.

రక్తం కావాలని మెసేజ్ వస్తే దాన్ని పది గ్రూపుల్లోకి పంపేముందు మీరు ఇవ్వగలరేమో చూసుకోండి. వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు 90 రోజులకి, ఆడవాళ్లు 120 రోజులకి ఒకసారి ఇవ్వొచ్చు. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. డెంగీ కేసుల్లో అడిగేది చాలావరకు ప్లేట్‌లెట్లు. మిషన్ మీద తీసే ప్లేట్‌లెట్లకి గంటా గంటన్నర పడుతుంది, మూడు రోజుల లోపు ఆస్పిరిన్ వేసుకుని ఉంటే తీసుకోరు. తీసిన ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలవ ఉంటాయి. అందుకే డోనర్లందరూ మొదటి రోజే పరిగెత్తకుండా ఎవరు ఏ రోజో రాసుకోవడం మేలు. మెసేజ్ పంపేటప్పుడు తేదీ, ఆసుపత్రి, గ్రూపు రాయండి, దొరికాక "దొరికింది" అని కూడా పంపండి. లేకపోతే ఆ ఇంటికి నెలల తరబడి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు మనకు తెలియనివాళ్ల గురించి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి రుయా లాంటి చోట్లకి దూరపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఓపీ చీటీ పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంటారు. "అమ్మా, ఎక్కడికెళ్లాలి?" అని అడగండి. ఫైలు వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి, వాళ్ల ఫోను, డబ్బులు మీరు పట్టుకోవద్దు. ఆసుపత్రుల దగ్గర మోసపోయినవాళ్లున్నారు, వాళ్ల భయం న్యాయమైనదే. "అటెళ్లి కుడివైపు తిరగండి" అని చెప్పేకంటే ఆ కౌంటరు దాకా నడవండి. పెద్దాసుపత్రుల్లో ఒక్కో డాక్టరు యూనిట్‌కి ఓపీ రోజులు వేరు. చీటీ మీద ఏ యూనిట్ ఉందో చదివి, మళ్లీ ఏ రోజు రావాలో కాగితం మీద పెద్దక్షరాలతో రాసివ్వండి. తప్పు రోజున వస్తే వాళ్లకి బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలీ రెండూ పోతాయి.

చదువు రానివాళ్లకి మందులు గుర్తుపట్టేలా చేసిపెట్టడానికి పది నిమిషాలు చాలు. ఒక పెన్ను, మూడు కాగితం కవర్లు కావాలి. చీటీలో 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి ఒకటి అని అర్థం. ఒక కవరు మీద కొండ వెనక నుంచి వస్తున్న సూర్యుడు, రెండోదాని మీద నిండు సూర్యుడు, మూడోదాని మీద చంద్రుడు గీయండి. తిన్నాక వేసుకునేవాటి షీటు వెనక చిన్న పళ్లెం బొమ్మ గీయండి. షీటు కత్తిరించాల్సి వస్తే మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు మాత్రం కత్తిరించొద్దు. డోసు మీకు సరిగ్గా అర్థం కాకపోతే ఊహించొద్దు, ఫార్మసీ కిటికీ దగ్గరే అడిగి రాయండి. చివర్లో వాళ్ల చేతే ఒకసారి చెప్పించుకోండి: "రాత్రికి ఏది వేస్తావు పెద్దమ్మా?" సరైన కవరు తీసి చూపిస్తే పని పూర్తయినట్టే.

ఆకలిగా ఉన్నవాళ్లకి చవగ్గా తిండి దొరికే చోటు చెప్పడం కూడా సాయమే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పూట భోజనం 5 రూపాయలు. హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం 2014 నుంచి ఉంది. ఖర్చుకి భయపడి పేషెంటును వెనక్కి తీసుకెళ్లిపోతామనేవాళ్లు కనపడితే ముందు ఆరోగ్యశ్రీ డెస్కు చూపించండి. 2007లో మొదలైన ఈ పథకాన్ని ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఉచిత వైద్యం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. డెస్కు దగ్గర ఉండే ఆరోగ్య మిత్రకి రేషన్ కార్డు, ఆధార్ చూపించాలి. కార్డులు ఊళ్లో మర్చిపోయి వచ్చినవాళ్లు చాలామంది. ఇంటికి ఫోన్ చేయించి ఫొటో తెప్పిస్తే ముందుగా వివరాలైనా కనుక్కోవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ 104కి ఫోన్ చేసి అడగొచ్చు.

చూడ్డానికి వెళ్లినప్పుడు పది నిమిషాలకి మించి ఉండొద్దు. "మా బాబాయికి కూడా ఇలాగే అయి..." అని మొదలుపెట్టొద్దు. ఫొటోలు తీయొద్దు. వేరే డాక్టరు పేరు వాళ్లు అడిగితేనే చెప్పండి.

ఆసుపత్రికి వెళ్లలేనివాళ్లు ఇంటివైపు చూడండి. బడికెళ్లే పిల్లలు, ఒంటరిగా మిగిలిన ముసలావిడ, గుమ్మంలో పేరుకుపోయే పాల ప్యాకెట్లు, కట్టేసి ఉన్న గేదె, ఇవెవరికీ గుర్తుండవు. తాళం చెవి తీసుకుని పాలవాడికి వద్దని చెప్పండి, ఫ్రిజ్‌లో పాడయ్యేవి తీసేయండి, మొక్కలకి నీళ్లు పోయండి.

డిశ్చార్జి రోజున మనుషులు చాలా అవసరం. పొద్దున "ఇవాళ పంపిస్తాం" అంటారు, ఇన్సూరెన్స్ అనుమతి, ఫైనల్ బిల్లు అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. ఒకరు కౌంటరు దగ్గర నిలబడితే ఇంకొకరు పేషెంటు దగ్గర ఉండొచ్చు. కారులో రెండు దిండ్లు, వదులు బట్టలు, పేషెంటు చెప్పులు పెట్టుకెళ్లండి, చేర్చినప్పుడు హడావిడిలో చెప్పులు ఎక్కడో పోయుంటాయి. వాళ్లు ఇల్లు చేరేసరికి ఇల్లు ఊడ్చి, దుప్పట్లు మార్చి, బిందెలు నింపి, చారూ అన్నం వండి ఉంచండి. వాళ్లు దిగగానే తాళం చెవి ఇచ్చేసి వచ్చేయండి. డిశ్చార్జి సమ్మరీలో కుట్లు విప్పే తేదీ, రివ్యూ తేదీ ఉంటాయి. వాటిని మీ ఫోన్‌లోనూ పెట్టుకుని, ముందురోజు సాయంత్రం మెసేజ్ పెట్టండి: "రేపు తొమ్మిదింటికి బండి తెస్తున్నా, ఫైలు తీసి పెట్టుకో."