మందు మొక్కల సాగు, 4వ పాఠం: చలి ఎంత పడితే మేలు, ఎంత మించితే చేటు

పోయిన పాఠంలో ఆకును నీడన ఆరబెట్టి పొడి తూకం తీయడం చూశాం. ఆ తూకం రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో కావాలి.

కొత్తిమీర కట్ట, తులసి రెమ్మ ఒకే ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. రెండు మూడు రోజులకు కొత్తిమీర పచ్చగానే ఉంటుంది, తులసి నల్లబడుతుంది. తులసి వేడి నేలల మొక్క. దాని కణాల చుట్టూ ఉన్న పొరలో కొవ్వు ఉంటుంది. సుమారు 10-12 డిగ్రీల కింద అది చలికాలపు నెయ్యిలా పేరుకుని బిగుస్తుంది, సందులు పడతాయి. లోపలి ఉప్పులు బయటికి కారతాయి. విడివిడి అరల్లో ఉండాల్సిన ఫినాల్ పదార్థాలు, వాటిని నల్లబరిచే ఎంజైము ఒకచోట చేరతాయి. కోసిన వంకాయ నల్లబడేదీ ఇందుకే.

మనం మందని కోరుకునే వాటిలో ఈ ఫినాళ్లూ ఉన్నాయి. చలి ఉదయం ఎండ తగిలితే ఆకు వెలుతురును పట్టుకుంటుంది గానీ, దాన్ని పిండిపదార్థంగా మార్చే ఎంజైములు మందగించి ఉంటాయి. వాడకం లేని ఆ శక్తి ఆకునే కాలుస్తుంది. దాన్ని తట్టుకోడానికి మొక్క ఫినాళ్లు, ఊదారంగు ఆంథోసయనిన్లు, చక్కెరలు, ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం పెంచుకుంటుంది. పొర చిట్లేదాకా చలి ముదిరితే ఆ కూడబెట్టిందే ఖర్చవుతుంది. ‘చలి పెడితే మందు పెరుగుతుంది’ అనే మాట అందుకే సగం నిజం.

పైగా అన్ని మొక్కలదీ ఒకే తీరు కాదు. అశ్వగంధలో విథనొలైడ్లు అనే మందు పదార్థాలు చలికి పెరుగుతాయి. బిళ్ళగన్నేరు ఆకులో విండోలిన్ అనే మందు పదార్థం తగ్గుతుంది. సర్పగంధి వేరును డిసెంబరు ప్రాంతంలో, ఆకు రాలాక తవ్వుతారు, అప్పుడే వేరులో ఆల్కలాయిడ్లు, అంటే దాని మందు పదార్థాలు, బాగా ఉంటాయి.

ముందు చలిని కొలవండి. శ్రీకాకుళం, విజయనగరం మైదానంలో ధనుర్మాసపు తెల్లవారుజాము మామూలుగా 15-18 డిగ్రీల దగ్గర ఉంటుంది. తులసి ఎదుగుదల మందగించడానికి అది చాలు, నల్లబడడానికి చాలదు. కొండ దిగువన, గెడ్డ (వాగు) పక్క పల్లంలో ఇంకా దిగుతుంది. చల్లగాలి బరువైనది, నీళ్లలాగే పల్లానికి జారి నిలుస్తుంది. థర్మామీటరును మొక్క ఎత్తులో కర్రకు కట్టి, పైన అట్టముక్క కప్పి, పొద్దు పొడవకముందే చదవండి. గోడకు వేలాడదీస్తే అది చెప్పేది గోడ వేడి.

ఇక ఆకు దెబ్బతిందో లేదో తేల్చే పరీక్ష. నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరు, కాగితాలకు రంధ్రం వేసే పంచ్, డిస్టిల్డ్ వాటర్, సన్నటి గాజు సీసాలు చాలు. చలి తగిలిన మొక్క నుంచి, తగలని మొక్క నుంచి ఒకే వయసు ఆకులు తీసుకోండి, కొస నుంచి మూడో జత మంచిది. ఒక్కో మొక్క ఆకుల నుంచి 30 బిళ్లలు కొట్టి, విడివిడిగా ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగండి. కడగకపోతే కోసిన అంచు రసమే లెక్కలోకి వస్తుంది. 20 మి.లీ. కొత్త నీటిలో వేసి, అప్పుడప్పుడు కదుపుతూ 4 గంటలు ఉంచి మీటరు చదవండి. తర్వాత ఆకులోని ఉప్పంతా బయటికి వచ్చేలా సీసాను మరుగుతున్న నీటి గిన్నెలో 20 నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లార్చి, తరిగిన నీరు తిరిగి పోసి మళ్లీ చదవండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించి 100తో గుణిస్తే కారుడు శాతం.

లెక్క కోసం అనుకుందాం: మంచి ఆకు 8, 80, అంటే 10 శాతం. చలి ఆకు 30, 79, అంటే 38 శాతం. తేడా 28ని, 100లోంచి 10 పోగా మిగిలిన 90తో భాగిస్తే దెబ్బ సుమారు 31 శాతం. అంకెలు గందరగోళంగా వస్తే ముందు మీ వేళ్లను అనుమానించండి: చెమటలోనూ ఉప్పే. బోరు నీళ్లు వాడితే పరీక్ష మొదలవకముందే చెడినట్టు.

కంటితో చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. చలి దెబ్బ ఆకాశం కనబడే పై ఆకుల్లో, నీళ్లు ఊరినట్టు మచ్చలతో మొదలై నల్లబడుతుంది. ఆకు అడుగున బూడిదరంగు నూగు ఉంటే అది పొగమంచు రోజుల బూజు తెగులు, కప్పితే ఇంకా ముదురుతుంది. ముదురాకులు ఊదాగా మారితే చల్లబడ్డ నేలలో వేరు భాస్వరం తీసుకోలేకపోతోందేమో చూడండి.

కాపాడడం సులువే. సాయంత్రం పలచగా తడి ఇవ్వండి. తడి నేల పగటి వేడిని దాచి రాత్రి వదులుతుంది. నాలుగు కర్రలు పాతి, ఆకుకు తగలకుండా పాత చీర కప్పి, పొద్దెక్కగానే తీసేయండి. ప్లాస్టిక్ ఆకుకు ఆనితే ఆనినచోటే నల్లబడుతుంది.

ఇప్పుడు ఆ తూకం. చలికి మందు 1 శాతం నుంచి 1.3కి పెరిగిందనుకోండి, మొక్కకు ఎండు ఆకు 100 గ్రాముల నుంచి 70కి తగ్గిందనుకోండి. చేతికొచ్చేది 1 గ్రాము కాదు, 0.91 గ్రాము. శాతం చూసి మురిసిపోయేవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇంటి పని: వారం రోజులు తెల్లవారుజాము అంకె రాయండి. పల్లంలో ఒక కుండీ, మెట్టన ఒక కుండీ పెట్టి ఎనిమిదో రోజు రెండింటికీ కారుడు పరీక్ష చేయండి. ఆ అంకెలతోనే 5వ పాఠంలో కోత రోజు నిర్ణయిద్దాం.