ఇంట్లో నేరేడు సిరప్, 3వ పాఠం: పాకం చూడకండి

ఈ వారం సీసాలు నింపడం గురించి చెప్తానన్నాను కదా, అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి చెప్పింది చేసినవాళ్లలో చాలామందికి ఒకే చోట బెడిసికొట్టింది. ఒకావిడకి నాలుగో రోజుకల్లా సీసా అడుగున పటిక బెల్లం లాంటి పలుకులు కట్టాయి. ఇంకొకరికి సీసా బోర్లించినా కారనంతగా జెల్లీలా పేరుకుపోయింది. ఒక అబ్బాయేమో "రంగు అదిరింది అక్కా, కానీ చల్లటి నీళ్లలో కలవట్లేదు, గ్లాసు అడుగున ముద్దలా కూర్చుంటోంది" అన్నాడు. పొయ్యి ఎప్పుడు కట్టేశారని ముగ్గురినీ అడిగితే ముగ్గురూ "తీగ పాకం వచ్చాక" అన్నారు.

తీగ పాకం రావాలని నేనెక్కడా చెప్పలేదు, కానీ పంచదార కరిగి ఒక పొంగు రాగానే దించమని ఒక్క ముక్కతో వదిలేశాను, అది సరిపోలేదు. మన ఇళ్లలో పంచదార పొయ్యెక్కిందంటే బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే గరిటె దగ్గరికి వెళ్తాయి. అరిసెలకి ఉండ పాకం, గులాబ్ జామూన్‌కి జిగురు పాకం అని చిన్నప్పటి నుంచి చూసిన చేతులవి. మిఠాయికి ఆ చెయ్యే కావాలి. సిరప్‌కి మాత్రం ఆ అలవాటే ముంచుతుంది, ఎందుకో ఈసారి పూర్తిగా చెప్తాను.

పంచదార నీళ్లలో ఎంతైనా కరగదు. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లు సుమారు 200 గ్రాముల పంచదారని పట్టుకోగలవు, అంటే మొత్తంలో 67 శాతం దాకా. వేడి మీద ఇంకా ఎక్కువ పడుతుంది, చల్లారాక ఆ మిగులుని పట్టుకోలేక కిందికి దింపేస్తుంది. మీ సీసా అడుగున పలుకులు అవే. ఫ్రిజ్‌లో పెడితే ఇంకొంచెం దింపుతుంది. మన సిరప్ 65 శాతం దగ్గర ఆగాలి. అంతకంటే బాగా తగ్గితే పులుస్తుంది, పెరిగితే పలుకు కడుతుంది. తీగ సాగే పాటికి ఆ గీత దాటిపోయి ఉంటారు.

ఇక లెక్క. అర కిలో నేరేడు రసంలో పండు తీపి సుమారు 12 శాతం, అంటే 60 గ్రాములు. దానికి 750 గ్రాముల పంచదార వేస్తే గిన్నెలో మొత్తం 1250 గ్రాములు, అందులో తీపి 810. భాగిస్తే 65 శాతం. అంటే పంచదార కరిగిన నిమిషానికే సిరప్ తయారైపోయింది, మరిగించి చిక్కబరచాల్సిన పని అసలు లేనే లేదు! పొయ్యి మీద పెట్టేది పంచదార కరగడానికి, రసంలో ఉన్న సూక్ష్మజీవులు చావడానికి, అంతే. అదే గిన్నెని తీగ కోసం ఇంకో పావుగంట మరిగించి 150 గ్రాముల నీళ్లు ఆవిరి చేశారనుకోండి, 1100 గ్రాముల్లో 810 తీపి, దాదాపు 74 శాతం. పలుకు కట్టక ఏం చేస్తుంది. జెల్లీ అయినవాళ్ల సంగతీ ఇదే. పండు గుజ్జులో పెక్టిన్ ఉంటుంది, అంత పంచదారా నిమ్మ పులుపూ కలిసి ఎక్కువసేపు మరిగితే అది జామ్ గట్టిపడ్డట్టే గట్టిపడుతుంది.

"కానీ పొయ్యి మీద నీళ్లలా ఉంది కదా" అంటారు. ఉంటుంది. 65 శాతం సిరప్ మరుగుతున్నప్పుడు గరిటె నుంచి నీళ్లలాగే జారుతుంది, పూర్తిగా చల్లారాకే వంటనూనె కంటే కాస్త చిక్కగా వస్తుంది. వేడి మీద చిక్కగా కనిపించిందంటే చల్లారాక పనికిరానంత అయిపోతుంది. ఎంత అనుభవం ఉన్న చెయ్యికైనా ఇది అందదు, ఎందుకంటే వేళ్ల మధ్యకి వచ్చేసరికి ఆ బొట్టు చల్లబడిపోతుంది, పైగా రసంలో గుజ్జు ఉంటే అది ముందే జిగురు చూపిస్తుంది.

అందుకే వేళ్లు వదిలేసి తూకం పట్టుకోండి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకోండి, రసం, పంచదార పోశాక ఒకసారి, దించాక ఒకసారి తూచండి. తేడా 30, 40 గ్రాములుంటే మామూలే. వంద తగ్గితే వంద గ్రాముల మరిగించిన నీళ్లు పోసి కలిపేయండి, పోయిన నీళ్లే కదా. పలుకు కట్టిన సీసాలున్నవాళ్లు కూడా పారబోయకండి. సీసాని వేడి నీళ్ల గిన్నెలో నిలబెట్టి పలుకులు కరిగాక గిన్నెలోకి వంచి, తగ్గిన బరువంత నీళ్లు చేర్చి ఒక్క పొంగు రానివ్వండి.

గ్లాసుతో కొలిచినవాళ్లకి ఒక మాట. 200 మిల్లీలీటర్ల గ్లాసులో రసం 210 గ్రాముల దాకా తూగుతుంది, పంచదార 170 మాత్రమే. గ్లాసు రసానికి గ్లాసున్నర పంచదార వేస్తే ఒకటికి ఒకటిన్నర అయినట్టు కాదు, అలా వేసినవాళ్లకే పల్చగా అనిపించి మరిగించాలనిపించింది. కాటా లేకపోతే గ్లాసు రసానికి రెండు గ్లాసులకి కొంచెం తక్కువ వేయండి.

తీపి తగ్గించి సమానంగా వేస్తానంటే వేసుకోండి, అది 55 శాతం దగ్గర ఉంటుంది. ఫ్రిజ్‌లోనే పెట్టి రెండు మూడు వారాల్లో తాగేయాలి. లంబసింగి స్ట్రాబెర్రీలతో చేసినవాళ్లకి: ఆ రసంలో తీపి తక్కువ, అర కిలోకి 800 గ్రాములు వేయండి.

నిమ్మరసం అర చెక్క చాలు, ఎసెన్స్ వద్దు, రంగు అసలే వద్దు. నిమ్మ పులుపు పంచదారలో కొంత భాగాన్ని విడగొట్టి పలుకు కట్టకుండా ఆపుతుంది, జామూన్ పాకంలో నిమ్మ పిండేది కూడా అందుకే. స్టీలు గిన్నె, తడి లేని సీసా సంగతి మీకు తెలిసిందే.

నేను మాత్రం పళ్లని ఉడికించను. మృగశిర కార్తెలో బండి మీద నల్లగా మెత్తగా ఉన్నవి ఏరి తెచ్చి, కడిగి, రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెడతాను. గడ్డకట్టినప్పుడు లోపలి గుజ్జు పొరలు పగిలిపోతాయి, పొద్దున కరిగాక చేత్తో నలిపితే చాలు, గింజ నుంచి కండ దానంతటదే ఊడి ముదురు ఊదా రసం వేళ్ల సందుల్లోంచి కారుతుంది. కిలోకి నాకు అర లీటరు రసం వస్తుంది. మిక్సీలో గింజతో సహా వేస్తే ఆ వగరు ఎంత పంచదార పోసినా పోదు.

రంగు గురించి ఒకరు అడిగారు, బోరు నీళ్లలో కలిపితే బూడిద నీలంగా మారిందట. సిరప్ పాడవలేదు. నేరేడు రంగు పులుపులో ఎర్రగా, క్షార గుణమున్న నీళ్లలో నీలంగా తిరుగుతుంది. నాలుగు చుక్కల నిమ్మ పిండితే మీ కళ్లముందే ఊదా ఎరుపుకి వస్తుంది. సోడాలో అయితే ఆ గొడవే లేదు. నాకైతే 40 మిల్లీలీటర్ల సిరప్, చల్లటి సోడా, చిటికెడు నల్ల ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర.

ఈసారి అభ్యాసం కొంచెం పెద్దదే, కానీ చేయండి. 200 గ్రాముల రసం చొప్పున మూడు గిన్నెలు పెట్టుకోండి. మొదటిదాంట్లో 200 గ్రాముల పంచదార, రెండోదాంట్లో 300 వేసి ఒక పొంగు రాగానే దించేయండి. మూడోదాంట్లో 300 వేసి, దాన్ని మాత్రం మీకు అలవాటైన తీగ పాకం దాకా రానివ్వండి. మూడింటినీ దించగానే తూచి, అంకెలు చీటీ మీద రాసి సీసాలకి అంటించండి. ఫ్రిజ్‌లో పది రోజులు ఉంచి, ఒకటో రోజు, నాలుగో రోజు, పదో రోజు తలో చెంచా చల్లటి నీళ్లలో వేసి ఎంతసేపటికి కలిసిందో సెకన్లలో లెక్కపెట్టండి. రసం దొరకనివాళ్లు ఉత్త నీళ్లతోనే చేయండి, పంచదార మాత్రం రెండో గిన్నెలో, మూడో గిన్నెలో 370 గ్రాముల చొప్పున వేసుకోండి, పలుకు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ అంకెలు నాకు పంపితే వాటితోనే 4వ పాఠంలో సీసాలు నింపుదాం.