యుద్ధం నుంచి ఇంటికొచ్చిన తుపాకులు – 3వ పాఠం: అరిసాకాపై చామంతి

ముందుగా బోల్ట్ (తూటాను లోపలికి తోసే ఉక్కు కడ్డీ) వెనక్కి లాగి, తూటా కూర్చునే అరను కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోండి. గత పాఠంలో చెప్పినదే అయినా ప్రతిసారీ చేయాల్సిందే.

పసిఫిక్ యుద్ధం నుంచి అమెరికా సైనికులు వెంట తెచ్చుకున్న తుపాకుల్లో జపాన్ వారి అరిసాకా రైఫిళ్లు తరచుగా కనిపిస్తాయి. అందులో ముఖ్యంగా రెండు రకాలు: 6.5 మి.మీ. టైప్ 38, 7.7 మి.మీ. టైప్ 99. మొదటిది మీజీ చక్రవర్తి ఏలుబడిలో 38వ ఏడు, అంటే 1905 నాటి నమూనా. రెండోదానికి పేరు జపాన్ సామ్రాజ్య శకం 2599 నుంచి వచ్చింది, మన లెక్కలో 1939. జపాన్ వారి నంబు టైప్ 14 పిస్తోలు మీద మాత్రం తయారైన తేదీనే చెక్కుతారు. 18.6 అని ఉంటే షోవా శకం (హిరోహిటో చక్రవర్తి ఏలుబడి) 18వ ఏడు, ఆరో నెల. 18కి 1925 కలిపితే 1943 జూన్.

ఇప్పుడు రైఫిల్‌ను వెలుతురులోకి తెచ్చి, గొట్టం మొదట్లో, బోల్ట్‌కు కాస్త ముందున్న ఉక్కు పైభాగం చూడండి. అక్కడ 16 రేకుల చామంతి ఉండాలి. అది చక్రవర్తి ముద్ర. చాలా రైఫిళ్ల మీద ఆ చోట ఆకురాయి గీతలు మాత్రమే మిగిలి ఉంటాయి. 1945లో జపాన్ లొంగిపోయాక ఆయుధాలు అప్పగించేటప్పుడు ముద్రను అరగదీసేవారు. పువ్వు చెక్కుచెదరకుండా ఉంటే యుద్ధభూమిలో చేజిక్కిన తుపాకీ అయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఇది ఆధారమే తప్ప రుజువు కాదు. బడులకు శిక్షణ కోసం ఇచ్చిన రైఫిళ్ల ముద్రను యుద్ధం ముగియక ముందే కొట్టేసిన సందర్భాలున్నాయి, అరగదీయకుండానే అప్పగించినవీ ఉన్నాయి.

ఈ పాఠంలో అసలు కష్టం ఇక్కడే. తాతగారు ఇవో జిమా అనే జపాన్ దీవిలో శత్రువు చేతిలోంచి లాక్కున్నారని కుటుంబం చెబుతుంది, రైఫిల్ మీద పువ్వు మాత్రం అరిగిపోయి ఉంటుంది. వెంటనే అబద్ధమని కొట్టిపారేయకండి. ఇవో జిమా పోరు 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగింది. అక్కడ పోరాడిన అమెరికా 5వ మెరీన్ డివిజన్ (మెరీన్లు అంటే నౌకాదళంతో కలిసి పోరాడే సైనికులు) అదే ఏడాది సెప్టెంబరులో జపాన్‌లోని ససెబోలో దిగింది. ఆయన ఇవో జిమాలో పోరాడటమూ నిజమే, రైఫిల్ ససెబోలో చేతికి రావడమూ నిజమే కావచ్చు. ఎనభై ఏళ్లలో రెండు జ్ఞాపకాలు ఒకటైపోయి ఉండవచ్చు. తుపాకీని చదవడం నేర్చుకునేది ఆ పెద్దాయనను తప్పు పట్టడానికి కాదు, ఆయన నడిచిన దారిని సరిగా తెలుసుకోవడానికి.

దారి తెలియాలంటే కాగితాలు కావాలి. మొదట ఇంట్లోనే అడగండి: సైన్యం నుంచి విడుదల చేసిన పత్రం, తుపాకీని వెంట ఉంచుకోవచ్చని పై అధికారి సంతకం చేసిన అనుమతి పత్రం. రెండోదానిలో సీరియల్ నంబరు ఉంటే రైఫిల్‌తో సరిపోల్చండి. నంబరు రాయని పత్రాలూ చాలానే ఉన్నాయి, అంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. అమెరికాలో సెయింట్ లూయీస్‌లోని సైనిక దస్తావేజుల భవనంలో 1973 జూలైలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. 1912–1960 మధ్య విడుదలైన ఆర్మీ సైనికుల దస్తావేజుల్లో దాదాపు 80 శాతం కాలిపోయాయి. నౌకాదళం, మెరీన్ల దస్తావేజులకు ఆ నష్టం జరగలేదు. ఆర్మీ వారైతే సొంత కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టులో అడిగి చూడండి. విడుదల పత్రాన్ని అక్కడ నమోదు చేయించుకున్నవారు ఎందరో ఉన్నారు.

దయచేసి అరిగిన పువ్వును మళ్లీ చెక్కించకండి, కర్రను గరుకు కాగితంతో రుద్దకండి. ఆ గీతలే దాని చరిత్ర.

అభ్యాసం: నోటుపుస్తకంలో ఎడమ పేజీ తుపాకీకి, కుడి పేజీ కుటుంబానికి కేటాయించండి. ఎడమవైపు గుర్తులు, అంకెలు, పువ్వు స్థితి ఉన్నది ఉన్నట్టు రాయండి. కుడివైపు కథను వారి మాటల్లోనే, చెప్పినవారి పేరు, తేదీతో సహా రాయండి. ఒక పేజీని చూసి మరో పేజీని దిద్దవద్దు.

4వ పాఠంలో సైనికుడి పిల్లలతో మాట్లాడి రికార్డు చేసే పద్ధతి నేర్చుకుందాం.