మార్చి లెక్కల ముందు పవర్ బీఐలో కాలమ్‌లు సరిచూసుకోండి

మార్చి 31 దగ్గరపడుతోందంటే అకౌంట్స్ వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. పన్నెండు నెలల సేల్స్ ఫైళ్లను ఒకే ఫోల్డర్‌లో పెట్టి మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో కలిపేవాళ్లు 2025-26 లెక్కలకు ఇంకాస్త ముందుగానే మేలుకోవాలి. ఎర్రర్ చూపించి ఆగిపోయే కాలమ్‌ను ఎవరో ఒకరు ఎలాగూ పట్టుకుంటారు. నా భయమంతా చడీచప్పుడు లేకుండా జారిపోయే కాలమ్ గురించే.

గ్యాస్ కూల్‌డ్రింక్స్ అమ్మే డీలర్ లెక్కలు చూడండి. 2025 సెప్టెంబర్ 21 దాకా వాటిపై 28 శాతం జీఎస్టీ, పైన 12 శాతం సెస్ (అదనపు పన్ను). 22 నుంచి సెస్ పోయి 40 శాతం జీఎస్టీ వచ్చింది. ఫైల్‌లో రేటుకో కాలమ్ ఉందనుకుందాం. ఏప్రిల్ ఫైల్‌లో 40 శాతం కాలమ్ ఉండదు, అక్టోబర్ ఫైల్‌లో సెస్ ఉండదు. ఫోల్డర్‌లోని ఫైళ్లను కలిపేటప్పుడు పవర్ బీఐలో ఫైళ్లను చదివి కలిపే భాగమైన పవర్ క్వెరీ మామూలుగా మొదటి ఫైల్‌ను నమూనాగా తీసుకుంటుంది, మిగతా ఫైళ్ల నుంచి ఆ నమూనాలో ఉన్న కాలమ్‌లనే తెస్తుంది. ఏప్రిల్ నమూనా అయిందా, ఆరు నెలల 40 శాతం పన్ను రిపోర్ట్‌లోకి రానే రాదు. ఎర్రర్ కూడా రాదు.

పోనీ మార్చి ఫైల్‌ను నమూనాగా పెడదామంటే సెస్ పోతుంది. ఒక్క సెప్టెంబర్‌లో తప్ప ఏ నెలలోనూ ఈ రెండు కాలమ్‌లూ కలిసి ఉండవు, అందులోనూ ఏడాది కాలమ్‌లన్నీ ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకని ఏడాది మొత్తంలో వచ్చిన కాలమ్ పేర్లన్నీ మొదటి వరుసలో రాసి, కింద ఏమీ లేకుండా ఒక ఖాళీ ఫైల్ తయారు చేయండి. పేరు ముందు 00 పెట్టి అదే ఫోల్డర్‌లో వేయండి. అది నిజంగా జాబితాలో మొదట వచ్చిందో లేదో ఎడిటర్‌లో చూసుకోండి. పేర్లలో ఒక్క స్పేస్ ఎక్కువైనా, ఇంగ్లిష్ అక్షరం చిన్నది పెద్దదైనా పవర్ క్వెరీకి అది వేరే కాలమే.

ఇక నమూనా క్వెరీలో (ఒక్కో ఫైల్‌ను ఎలా చదవాలో చెప్పే స్టెప్పుల జాబితా) దానంతటదే చేరిన 'చేంజ్డ్ టైప్' స్టెప్ ఉంటే తీసేయండి, అది ఒక్కో కాలమ్‌లో అంకెలా, తేదీలా అన్నది పేరుతో సహా నిర్ణయిస్తుంది. సెస్ పేరు అందులో ఉంటే, సెస్ లేని ఫైల్ దగ్గర కాలమ్ దొరకలేదంటూ ఆగిపోతుంది. టైపులు ఫైళ్లన్నీ కలిశాక వచ్చే చివరి క్వెరీలో ఇచ్చుకోవచ్చు. సీఎస్‌వీ ఫైళ్లయితే (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైళ్లు) సోర్స్ స్టెప్‌లో 'కాలమ్స్ = 11' లాంటి అంకె ఉందేమో చూడండి. ఉంటే పన్నెండో కాలమ్ నుంచి ఏదీ రాదు. ఆ ముక్కను చెరిపేయాలి. ఎంచుకున్నవి తప్ప మిగతావి తీసేసే 'రిమూవ్ అదర్ కాలమ్స్' వాడిన చోట కూడా కొత్తవి ఆగిపోతాయి.

ఇవన్నీ డెస్క్‌టాప్‌లో సరిచేశాక మళ్లీ పబ్లిష్ చేయడం మర్చిపోకండి. ఆన్‌లైన్‌లో రోజూ జరిగే రిఫ్రెష్ కొత్త వరుసలను తెస్తుంది గానీ, ఇంపోర్ట్ చేసిన టేబుల్‌కి కొత్త కాలమ్‌ను చేర్చదు. ఎక్సెల్ పివట్ టేబుల్ వాడేవాళ్లు అది తీసుకునే డేటా రేంజ్ కుడివైపు ఎంతవరకు ఉందో చూసుకుంటే చాలు.

చివరగా, నెల నెలా పన్ను మొత్తాన్ని పుస్తకాల్లోని లెడ్జర్‌తో పోల్చండి. ఏడాది మొత్తం ఒక్కటే పోలిస్తే తేడా ఎక్కడుందో వెతకడానికే రెండు రోజులు పడుతుంది. సెప్టెంబర్‌ను మాత్రం విడిగా చూడండి, ఆ ఒక్క నెలలోనే పాత రేటూ కొత్త రేటూ రెండూ ఉంటాయి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు మార్చి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) గడువు ఏప్రిల్ 11, కాబట్టి ఈ పోలిక మార్చి మూడో వారంలోనే మొదలుపెట్టండి.