కర్ల్స్ కొడితే బైసెప్స్ బదులు ముంజేయి మండుతోందా? ముందు పట్టు చూసుకోండి

కర్ల్ అంటే బరువు పట్టుకుని మోచేతిని మడిచి పైకెత్తడం. పది రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) కాకముందే ముంజేతులు మండిపోతాయి, బైసెప్స్ (జబ్బ ముందువైపు కండ) మాత్రం పని చేసినట్టే ఉండదు. అప్పుడు చాలామంది బరువు పెంచేస్తారు, దాంతో ముంజేయి ఇంకా మండుతుంది. నేనూ చాలాకాలం ఇదే చేశాను.

ముందు ఒక చిన్న పరీక్ష. కుడి మోచేతిని 90 డిగ్రీలు వంచి బల్ల మీద ఆనించండి, ఎడమ చేత్తో కుడి బైసెప్స్ పట్టుకోండి, ఇప్పుడు కుడి అరచేతిని కిందికీ పైకీ గట్టిగా తిప్పండి. పైకి తిప్పినప్పుడల్లా కండ ఉబ్బి గట్టిపడుతుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు చేయి తిరిగేది కూడా ఇలాగే. బైసెప్స్ కింది కొస ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముకకి అతుక్కుని ఉంటుంది కాబట్టి, మోచేతిని మడవడమే కాక అరచేతిని పైకి తిప్పడం కూడా దాని పనే. దాని కిందుండే బ్రాకియాలిస్ అనే కండ మాత్రం చిటికెన వేలి వైపుండే అల్నా ఎముకకి అంటుకుంటుంది. అరచేయి తిప్పినా అల్నా దాదాపు కదలదు, అందుకే పట్టు ఎలా ఉన్నా బ్రాకియాలిస్ తన పని తాను చేసుకుపోతుంది.

సమస్య: ముంజేయే ముందు అలిసిపోతోంది

డంబెల్ పైకి వచ్చేకొద్దీ మణికట్టు లోపలికి ముడుచుకుంటోందేమో అద్దంలో చూసుకోండి. ముడుచుకుంటే ముంజేతి లోపలి కండలకి అనవసరంగా అదనపు పని పడుతుంది. లేదా హ్యాండిల్‌ని పీక నులిమినట్టు నొక్కుతుంటారు. ఇంకొకటి, మొదటి నాలుగు రెప్స్ అరచేయి పైకే ఉంటుంది, తర్వాత మనకి తెలియకుండానే బొటనవేలు పైకి వచ్చేసి హ్యామర్ కర్ల్ అయిపోతుంది, అప్పుడు ముంజేతి పైభాగంలో ఉండే బ్రాకియోరేడియాలిస్ ఎక్కువ బరువు మోస్తుంది. బరువు 2.5 కిలోలు తగ్గించండి, పిడికిలి వెనక భాగం, ముంజేయి ఒకే గీతలో ఉంచండి, జారిపోకుండా ఉండేంత పట్టు చాలు.

సమస్య: రాడ్‌తో చేస్తే చిటికెన వేలి వైపు మణికట్టు నొప్పి

సూటి రాడ్ పట్టుకుంటే రెండు అరచేతులూ పూర్తిగా పైకి తిరిగి అక్కడే బిగుసుకుపోతాయి, అందరి కీళ్ళూ దానికి ఒప్పుకోవు. నాకు నొప్పి మొదలైనప్పుడు జిమ్‌లో ఒకాయన "కొత్తలో అలాగే ఉంటుందిలే" అన్నాడు, ఆ మాట నమ్మి ఇంకో మూడు వారాలు లాగించాను, చివరికి బకెట్ ఎత్తాలన్నా కష్టమైంది. జిగ్‌జాగ్ రాడ్‌కి మారితే సెట్ మధ్యలో నొప్పి రావడం ఆగింది. అందులో చేయి కొంచెం పక్కకి వాలుతుంది కాబట్టి బైసెప్స్‌కి కాస్త తగ్గుతుందేమో, తగ్గనివ్వండి. డంబెల్స్ అయితే ఇంకా మంచిది, ఏ కోణం హాయిగా ఉంటే మణికట్టు అక్కడికి తిరుగుతుంది.

సమస్య: రివర్స్ కర్ల్‌లో బరువు సగానికి పడిపోయింది

ఇది సమస్యే కాదు. అరచేయి కిందికి తిరిగితే బైసెప్స్ టెండన్ (కండని ఎముకకి కలిపే తాడులాంటి భాగం) రేడియస్ చుట్టూ చుట్టుకుని బలంగా లాగలేదు, పని బ్రాకియాలిస్, బ్రాకియోరేడియాలిస్ మీద పడుతుంది. మామూలు కర్ల్ బరువుతో పోల్చుకోకండి.

వెడల్పు పట్టుకి లోపలి కండ, ఇరుకు పట్టుకి బయటి కండ అనే వాదన ఎప్పుడూ ఉండేదే. తేడా చిన్నదే, భుజాల వెడల్పున పట్టుకుని పని కానివ్వండి.

సమస్య: పట్టు సరిగ్గానే ఉంది, అయినా బైసెప్స్ బిగుసుకోవట్లేదు

డంబెల్‌ని మధ్యలో కాకుండా, బొటనవేలు వైపు ప్లేటుకి చేయి ఆనేలా పట్టుకోండి. బరువు చిటికెన వేలి వైపుకి ఎక్కువై అరచేతిని లోపలికి తిప్పాలని చూస్తుంది, దాన్ని తిరగకుండా ఆపడానికి బైసెప్స్ తప్పనిసరిగా దిగాల్సిందే. మామూలుగా ఎత్తే బరువు కన్నా తక్కువతో మొదలుపెట్టండి, 10 కిలోలు ఎత్తేవాడిని నేను 7.5 దగ్గర ఆగిపోయాను.

మోచేయి లోపలి బుడిపె దగ్గర నొప్పి ఉంటే మాత్రం పట్టు వదులు చేసి, కొన్నాళ్ళు హ్యామర్ కర్ల్‌కి మారి చూడండి. ఎప్పుడైనా మోచేతి మడతలో 'టప్' మని శబ్దం వచ్చి, చేయి కమిలి, బైసెప్స్ పైకి ముద్దలా జరిగినట్టు కనిపిస్తే అది టెండన్ తెగడం కావచ్చు, ఐస్ పెట్టుకుని కూర్చోకుండా అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఆలస్యమైతే తిరిగి కుట్టడం కష్టమవుతుంది.