ప్రాజెక్ట్ మేనేజర్‌తో అగ్రిమెంట్: సంతకం పెట్టేముందు ఏం రాయించుకోవాలి

మీరుండేది డల్లాస్‌లో, ఇల్లు లేచేది వరంగల్‌లో. లేదా ఊళ్లోనే ఉన్నారు గానీ ఆసుపత్రో ఫంక్షన్ హాలో కడుతున్నారు, రోజూ సైట్‌కి వెళ్లే తీరిక లేదు. కాంట్రాక్టర్ ఒకరు, ఆర్కిటెక్ట్ ఒకరు, వీళ్లందరినీ మీ తరఫున చూసుకోవడానికి ఒక ప్రాజెక్ట్ మేనేజర్. ఇక్కడ మన దగ్గర జరిగేదేంటంటే, కాంట్రాక్టర్‌తో పేజీలకు పేజీలు అగ్రిమెంట్ రాసుకుంటారు, మేనేజర్‌తో మాత్రం "తెలిసినవాడే కదా" అని వాట్సాప్‌లో ఫీజు మాట్లాడుకుని వదిలేస్తారు. మీ పేరు చెప్పి ఆర్డర్లిచ్చేది, మీ డబ్బు ఎటు పోవాలో చెప్పేది ఆ మనిషే మరి.

అందుకే రాయడం ఫీజుతో మొదలుపెట్టకండి, అధికారంతో మొదలుపెట్టండి.

మీ తరఫున బయటివాళ్లతో వ్యవహరించే మేనేజర్ చట్టం దృష్టిలో మీ ఏజెంట్. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 182 నుంచి 238 దాకా సెక్షన్లన్నీ ఏజెన్సీ గురించే. వాటిలో 237 మీకు బాగా గుర్తుండాలి. మేనేజర్‌కి మీరు అధికారం ఇవ్వకపోయినా, ఇచ్చారని అవతలివాళ్లు నమ్మేలా మీ మాటో మీ పద్ధతో ఉంటే, అతను చేసినదానికి మీరు కట్టుబడాల్సిందే. మేనేజర్ ఆర్డర్ ఇచ్చిన ప్రతిసారీ స్టీలు షాపుకి మీరు మారుమాట్లాడకుండా డబ్బు పంపుతూ వచ్చి, ఒకరోజు హఠాత్తుగా "ఆ లోడు నేను చెప్పలేదు" అంటే షాపువాళ్లు ఎందుకు ఊరుకుంటారు?

అగ్రిమెంట్‌లో ఇలాంటి పేరా ఒకటి ఉండాలి:

"ఒక్కో ఐటమ్ 25,000 రూపాయలు గానీ, నెల మొత్తం 1,00,000 రూపాయలు గానీ దాటే కొనుగోలుకైనా ఎక్స్‌ట్రా పనికైనా యజమాని ఈమెయిల్‌లో ఒప్పుకున్నాకే ప్రాజెక్ట్ మేనేజర్ ఆర్డర్ ఇవ్వాలి. డిజైన్ మార్చడం, కాంట్రాక్టర్ గడువు పెంచడం, కాంట్రాక్టర్‌ని తొలగించడం, ఫైనల్ బిల్లు ఖరారు చేయడం యజమాని మాత్రమే చేస్తారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు అవసరమైన పని వెంటనే చేయించి, 24 గంటల్లో యజమానికి రాతపూర్వకంగా తెలపాలి."

అంకెలు మీ పని సైజుని బట్టి మార్చుకోండి. అసలు పని ఆ తర్వాత ఉంది. ఈ పేరా కాపీ కాంట్రాక్టర్‌కి, సిమెంట్, స్టీలు షాపులవాళ్లకి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. మీ ఇద్దరి మధ్యే ఉన్న హద్దు వాళ్లకెలా తెలుస్తుంది? కాంట్రాక్టర్ అగ్రిమెంట్‌లోనూ ఇవే హద్దులు ఉండేలా చూడండి, అక్కడ "మేనేజర్ చెప్పిన ప్రతి పనీ చేయాలి" అని రాసి ఉంటే ఇక్కడ రాసుకున్నది పెద్దగా ఉపయోగపడదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. "సార్, జీపీఏ ఇచ్చేయండి, ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఈజీగా ఉంటుంది" అంటారు. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీ తరఫున చాలా పనులు చేసే అధికారమిచ్చే కాగితం. ఇవ్వొద్దు. మున్సిపల్ ఆఫీసు, కరెంటు కనెక్షన్, నల్లా కనెక్షన్, ఇలా పనులు పేరుపేరునా రాసి, వాటికే అధికారమిచ్చే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు, అందులోనే అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, మీ తరఫున డబ్బు తీసుకోవడానికి అధికారం లేదని విడిగా రాయించండి. అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపితే, ఆ కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ చేయించాలి.

ఇక పని వివరం. "పర్యవేక్షణ" అని ఒక్క మాట రాసేసి ఊరుకుంటే రేపు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్తారు. వారానికి ఎన్ని రోజులు సైట్‌లో ఉండాలి, స్లాబ్ వేసేముందు స్టీలు, సెంట్రింగ్ చూసి ఫొటోలతో ఓకే ఇవ్వాలా, కాంక్రీట్ గట్టిదనం చూసే క్యూబ్ టెస్టుల 7 రోజుల, 28 రోజుల రిపోర్టులు ఎవరు తెప్పించాలి, కాంట్రాక్టర్ బిల్లు వచ్చాక కొలతలు సరిచూసి ఎన్ని రోజుల్లో పంపాలి, వారం రిపోర్టులో ఏమేం ఉండాలి, ఇవన్నీ రాయండి. మనిషి పేరు కూడా రాయండి. మాట్లాడటానికి సీనియర్ వచ్చి, తర్వాత సైట్‌కి నిన్నమొన్న పాసైన కుర్రాణ్ని పంపే కంపెనీలున్నాయి. మిమ్మల్ని అడగకుండా మనిషిని మార్చకూడదని ఉండాలి. స్ట్రక్చరల్ డిజైన్ బాధ్యత అతని మీద వేయలేం, అది డిజైన్ చేసిన ఇంజనీర్‌ది. కానీ డ్రాయింగ్‌లో ఉన్నదానికీ సైట్‌లో జరిగేదానికీ తేడా కనిపిస్తే వెంటనే రాసి పంపడం మాత్రం మేనేజర్ బాధ్యతే.

ఫీజు సంగతి. ఖర్చులో ఇంత శాతం అంటే ఖర్చు పెరిగే కొద్దీ అతని ఫీజూ పెరుగుతుంది, నెలకింత అంటే పని సాగే కొద్దీ పెరుగుతుంది. నన్నడిగితే ఫిక్స్‌డ్ ఫీజు మాట్లాడి, పునాది, స్లాబులు, ఫినిషింగ్ ఇలా దశలవారీగా ఇవ్వడం మేలు, చివరి పది శాతం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం వాడుకోవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) వచ్చి, పెండింగ్ రిపేర్లు పూర్తయ్యాకే. శాతమే కావాలని పట్టుబడితే మొదట ఒప్పుకున్న ఎస్టిమేట్ మీద లెక్క కట్టండి, అసలు ఖర్చు మీద కాదు. పని ఆలస్యమైతే ఎన్ని నెలలు అదే ఫీజుకి చేస్తాడో, ఆపైన ఎంతో ఇప్పుడే తేల్చుకోండి. గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. 18 శాతం జీఎస్టీ ఫీజులో కలిసిందా, అదనమా రాయండి, టీడీఎస్ (ఫీజు ఇచ్చేటప్పుడు కోసే పన్ను) సంగతి మాత్రం మీ సీఏని అడగండి.

కమీషన్ల గురించి అడగడానికి మొహమాటపడతారు గానీ అడగాల్సిందే. ఏజెంట్ మీకు తెలియకుండా ఆ వ్యవహారంలో సొంతానికి బేరం చేసుకుంటే, వచ్చిన లాభం మీకు అడిగే హక్కుందని సెక్షన్ 216 చెప్తుంది, అడిగినప్పుడు లెక్కలు చూపించాలని 213 చెప్తుంది. అయినా "ఏ సప్లయర్ నుంచీ కమీషన్, బహుమతి తీసుకోకూడదు, బంధువుల షాపైతే ముందే చెప్పాలి, తీసుకున్నట్టు తేలితే నోటీస్ లేకుండా తీసేయవచ్చు" అని రాయండి. డబ్బు నేరుగా షాపుల ఖాతాల్లోకే పంపండి, మేనేజర్ ఖాతాకి సైట్ చిల్లర ఖర్చులు తప్ప ఏమీ వెళ్లకూడదు.

మేనేజర్‌కి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (అతని వృత్తిపరమైన పొరపాటు వల్ల వచ్చే నష్టానికి ఇన్సూరెన్స్) ఉంటే కాపీ తీసుకోండి. సాధారణంగా ఇవి క్లెయిమ్ వచ్చే సమయానికి నడుస్తుంటేనే పనికొస్తాయి, కాబట్టి పని అయిపోయాక కొన్నేళ్లపాటు కొనసాగించాలని రాయించాలి. అతని బాధ్యతకి పరిమితి పెట్టమంటారు, అది మామూలే. పరిమితి ఫీజుకి సమానంగా కాకుండా పాలసీ మొత్తానికి సమానంగా ఉండేలా బేరమాడండి, మోసానికి పరిమితి వర్తించదని చేర్చండి.

తీసేయాల్సి వస్తే? 30 రోజుల నోటీస్, అప్పటిదాకా చేసిన దశకి ఫీజు, 7 రోజుల్లో డ్రాయింగులు, కొలతల పుస్తకం, టెస్ట్ రిపోర్టులు, వారంటీ కాగితాలు అప్పగించడం, ఫీజు గొడవ ఉన్నా కాగితాలు ఆపకూడదని ఒక వాక్యం. ఈ చివరి వాక్యం మర్చిపోవద్దు. సెక్షన్ 221 ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా లేకపోతే, బాకీ తీరేదాకా ఏజెంట్ మీ కాగితాలు ఆపుకోవచ్చు.

వివాదాల క్లాజులో "ఆర్బిట్రేటర్‌ని (కోర్టు బయట గొడవ విని తీర్పిచ్చే వ్యక్తిని) కంపెనీ నియమిస్తుంది" అని ఉంటే కొట్టేయండి, ఫలితం మీద ఆసక్తి ఉన్న పక్షం ఒంటరిగా ఏకైక ఆర్బిట్రేటర్‌ని పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. చిన్న ఫీజు పనైతే ఆర్బిట్రేషన్ ఖర్చే ఎక్కువవుతుంది, ముందు మధ్యవర్తిత్వం, తర్వాత మీ జిల్లా కోర్టు అని రాసుకోవడం నయం.

స్టాంప్ పేపర్ సంతకాల తేదీకి ముందే, మీ ఇద్దరిలో ఒకరి పేరుతో కొనండి. స్టాంప్ లేని కాగితాన్ని, లోటు సుంకం, జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. నోటరీ తప్పనిసరేమీ కాదు. రెండు కాపీలు, ప్రతి పేజీ మీదా ఇద్దరి సంతకాలు, ఫీజు దశల పట్టిక, పని జాబితాల మీద కూడా.